ఆడవాళ్ళ పాట, మగవాడి చెవి

ఆదివారం తెల్లవారుజామున నందికొండకు బయల్దేరే కార్లలో ఒక చిన్న సంగతి జరుగుతుంటుంది. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం దాకా ఒంటరిగా వచ్చిన కుర్రాడు స్పైస్ గర్ల్స్ అనే అమ్మాయిల బృందం పాట హాయిగా వింటూ వస్తాడు. అక్కడ స్నేహితులు కారెక్కగానే వేలు ఫోను మీదికి పోతుంది, పాట మారిపోతుంది. వాళ్ళు ఒక్క మాట కూడా అనలేదు. అంటారేమోనని అతనే ముందు జాగ్రత్తపడ్డాడు.

ఈ జాగ్రత్తను నేను తేలిగ్గా తీసుకోలేను. తనకు నచ్చిన పాట నచ్చిందని నలుగురిలో చెప్పలేని మగవాడు, చెల్లెలు పై చదువుకు వెళ్ళాలని పెద్దల ముందు చెప్పగలడా? చిన్న ఇష్టం దగ్గర నోరు కట్టేసుకోవడం అలవాటైతే పెద్ద విషయం దగ్గర గొంతు పెగలదు.

నవ్వుతారేమోనన్న ఈ భయం మీద మన ఆడవాళ్ళు ఎప్పుడో పాట కట్టారు. ‘లక్ష్మణదేవర నవ్వు’లో, పట్టాభిషేకం తర్వాత నిండు కొలువులో లక్ష్మణుడు ఒక్కసారిగా నవ్వుతాడు. వనవాసంలో పద్నాలుగేళ్ళు తన జోలికి రావద్దని అతను పంపేసిన నిద్రాదేవి, గడువు తీరిందంటూ సరిగ్గా అప్పుడే వచ్చి నిలబడింది. నవ్వుకు కారణం అంతే. కానీ సభలో ఉన్న ఒక్కొక్కరూ తమ లోపాన్ని చూసే నవ్వాడనుకుంటారు. శివుడికి నెత్తిన గంగ గుర్తొస్తుంది, విభీషణుడికి తను వదిలివచ్చిన అన్న గుర్తొస్తాడు, సీతకు లంకలో గడిపిన రోజులు గుర్తొస్తాయి. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన ఇంగ్లీషు వ్యాసంలో ఇలాంటి స్త్రీల రామాయణ పాటలను ప్రపంచం ముందు పెట్టారు. ఇంటి లోపలి గదుల్లో ఆడవాళ్ళు తమలో తాము పాడుకున్న ఈ రామాయణం, మగవాళ్ళు సభల్లో చెప్పే రామాయణం కాదు. వాకిట్లో కూర్చున్న మగవాడు చెవి ఒగ్గి ఉంటే తన గురించి ఎంతో తెలుసుకునేవాడు.

తొంభైల అమ్మాయిల బృందాల పాటలను నేను ఆ వరసలోనే వింటాను. అట్లాంటాకు చెందిన ముగ్గురమ్మాయిల బృందం టీఎల్‌సీ 1999లో ‘నో స్క్రబ్స్’ పాడింది. స్నేహితుడి కారులో పక్క సీట్లో కూర్చుని, కిటికీలోంచి అమ్మాయిలను పిలిచే కుర్రాడికి అందులో నేరుగా జవాబు చెప్పారు. ఆ పాట రాసినవాళ్ళలో ఇద్దరు, కాండీ బరస్, టమీకా కాటిల్, ఎక్స్‌కేప్ అనే మరో అమ్మాయిల బృందంలోని గాయనులే. అంటే అది ఆడవాళ్ళ మధ్య నడిచిన మాట, పాటగా బయటికొచ్చింది. మగవాళ్ళ నుంచి అదే ఏడాది ఎదురు పాట వచ్చింది: స్పోర్టీ థీవ్జ్ అనే ర్యాప్ బృందం ‘నో పిజన్స్’ కట్టి తిరిగి అమ్మాయిలనే ఎత్తిపొడిచింది. జవాబు చెప్పాలన్న తొందర వినడాన్ని ఎలా మింగేస్తుందో ఈ రెండు పాటలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. ఆ కుర్రాడు నేనేనా అని ఒక నిమిషం ఆలోచించడం అంతకన్నా కష్టమైన పని. అంతకన్నా మగతనమున్న పని కూడా.

ఆడగొంతుతో పాడటం తెలుగు మగవాడికి కొత్త కాదు. క్షేత్రయ్య పదాల్లో ఎక్కువగా మాట్లాడేది నాయికే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా రంగం మీదికి వస్తే జనం ఆ జడనూ ఆ నడకనూ చూడటానికే వచ్చేవారు. గొప్ప కళ అది, నాకు ప్రాణం. అయినా అక్కడ ఆడదాని మనసును ఊహించి పలికింది మగవాడే. ‘నో స్క్రబ్స్’లో మనకు పాత్ర లేదు, వినడమొక్కటే మన వంతు. మగవాడికి అలవాటు లేని చోటు అది.

స్పైస్ గర్ల్స్‌ను కంపెనీ సరుకంటారు. 1994లో పత్రికా ప్రకటన ఇచ్చి, పరీక్షలు పెట్టి కూర్చిన మాట నిజమే. కానీ ఆ అయిదుగురూ తమను కూర్చిన మేనేజర్లను మరుసటి ఏడే వదిలి సొంతంగా బయటపడ్డారు. 1996లో వచ్చిన ‘వానబీ’లో ప్రేమికుడికన్నా ముందు నా స్నేహితురాళ్ళు అన్నారు. సరుకంటే మన సినిమా పాటా సరుకే. అందులో మంచిని ఏరుకోవడం మనకు చేతనవును కదా.

ఎలా వినాలంటే, ముందు ఒక్క గొంతును పట్టుకోండి. టీఎల్‌సీలో టీ-బాజ్ గొంతు ఆడగొంతంటే మనం అనుకునేదానికన్నా చాలా కింద ఉంటుంది, కాస్త బొంగురుగా, తొందర లేకుండా. సికిల్ సెల్ జబ్బుతో బతుకుతూ పాడిన మనిషి ఆమె. ‘అన్‌ప్రెటీ’కి మొలక ఆమె రాసుకున్న కవితే. తర్వాత నలుగురమ్మాయిల బృందంగా తొంభైల్లో పాడిన ఎన్ వోగ్ వినండి. ఆ నలుగురిలో ఎవరైనా ముందుకొచ్చి పాడగలిగేవారు. ఒకరు పాడుతుంటే మిగతా ముగ్గురూ వెనక నిలబడి ఆమెను మోస్తారు, వంతు మారినప్పుడు అలక వినపడదు. ఆఫీసు మీటింగుల్లో ఎదుటివాడి మాట పూర్తి కానివ్వని మగవాళ్ళు ఆ వెనక గొంతులను వారం పాటు వినాలని నా కోరిక. ఇక 1995 నాటి ‘వాటర్‌ఫాల్స్’. మత్తు మందుల వ్యాపారంలోకి జారిపోతున్న కొడుకునూ, ఎయిడ్స్‌తో కరిగిపోతున్న మగవాడినీ ఆడవాళ్ళు ఎంత జాలిగా చూశారో వింటే, ఇవి మగవాళ్ళను తిట్టే పాటలన్న మాట ఇంకెవరూ అనరు.

ఇంగ్లీషు అర్థం కాదనే సాకు మన వైపు చెల్లదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బెంగుళూరులో ఇంగ్లీషుతో పెరిగినవాళ్ళం. చింతామణి పక్కనే కైవారంలో, అందరూ కైవారం తాతయ్య అని పిలుచుకునే యోగి తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు కట్టారు, రెండు భాషల వాళ్ళూ పాడుకుంటున్నారు. మన చెవికి భాష ఎప్పుడూ అడ్డు కాలేదు.

ఇక్కడ వినడం మొదలుపెట్టిన చెవిని ఇంట్లోకీ తీసుకెళ్ళండి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో పెళ్ళి పాటలు, కోలాటం పాటలు వచ్చిన అవ్వలు ఇంకా ఉన్నారు. ఈసారి ఊరికి పోయినప్పుడు అవ్వ దగ్గర కూర్చుని, ‘నువ్వూ నీ జతగత్తెలూ పాడిన పాట ఒకటి చెప్పవ్వా’ అనండి. ఫోనులో రికార్డు చేయండి. పాట మధ్యలో ఆపి, అప్పుడెవరు పక్కన పాడారో, ఎవరు ఏడ్చారో చెప్పబోతుంది. అప్పుడు రికార్డింగు ఆపకండి.