చెవి చెప్పేది నమ్మాలా, మీటర్ చెప్పేదా?



పండగ ఆఫర్లు మొదలయ్యాయంటే చాలా ఇళ్లలో హోమ్ థియేటర్ మాట వస్తుంది. షాపుకి వెళ్లాక నాన్నగారు అట్టపెట్టె మీద వాట్స్ చదువుతారు. అబ్బాయి కళ్లు మూసుకుని పాట వింటాడు. "ఇది పదివేల వాట్స్ రా" అని ఆయన, "కాదు డాడీ, పక్కదే బాగుంది" అని వీడు. సేల్స్‌మన్ ఇద్దరితోనూ "కరెక్టే" అంటాడు. బిల్లు మాత్రం మీరు కడతారు.

ఈ ఇద్దరిలో సైన్స్ ఎవరి వైపు ఉంది? తొమ్మిదో తరగతిలో 'సౌండ్' పాఠం మొదలుపెట్టేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఇదే. పిల్లలు దాదాపు అందరూ నాన్నగారి వైపే చెయ్యి ఎత్తుతారు. ఆయన దగ్గర అంకె ఉంది కదా మరి! అంకె ఉంటే సైన్స్, లేకపోతే అభిప్రాయం అని మనమే వాళ్లకి నేర్పించాం. యాంప్లిఫయర్ల చరిత్ర చూస్తే విషయం అంత తేలిగ్గా తేలదు. ఇంజనీర్లు, సంగీత ప్రియులు దశాబ్దాలుగా దీని మీదే కొట్లాడుకుంటున్నారు.

ముందు యాంప్లిఫయర్ పని ఏమిటో చూద్దాం. ఫోన్ నుంచో మైక్ నుంచో వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని స్పీకర్‌ని కదిలించేంత పెద్దది చేయాలి. అందులో సొంతంగా ఏదీ కలపకూడదు, ఏదీ తీసేయకూడదు. కలిపితే దాన్ని డిస్టార్షన్ అంటారు. మచ్చలేని ఒకే ఒక స్వరాన్ని లోపలికి పంపి, బయటికి వచ్చినదాంట్లో అదనంగా ఏం చేరిందో శాతంలో కొలుస్తారు. 1945లో లండన్‌లో హెరాల్డ్ లీక్ అనే ఆయన 0.1 శాతం డిస్టార్షన్‌తో ఒక యాంప్లిఫయర్ తెచ్చి, దానికి 'పాయింట్ వన్' అనే పేరు పెట్టుకున్నారు. అంకెనే పేరుగా పెట్టి అమ్మారంటే కొలతకి అప్పుడే ఎంత గౌరవం ఉందో చూడండి.

అప్పట్లో అవి వాల్వు యాంప్లిఫయర్లు. తాతగారి కాలం రేడియోలో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు గుర్తున్నాయా, అవే. 1960లలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. చిన్నవి, చవక, వేడి తక్కువ. కాగితం మీద డిస్టార్షన్ కూడా వాల్వుల కంటే తక్కువే. కానీ విన్నవాళ్లు చాలామంది "ఏదో గరగరలాడుతోంది, వింటుంటే అలసట వస్తోంది" అన్నారు. మీటర్ బాగుందంటోంది, చెవి బాగాలేదంటోంది. చెవిదే భ్రమ అని కొట్టిపారేసిన ఇంజనీర్లూ ఉన్నారు.

ఇక్కడ గెలిచింది చెవి. ఎందుకో మన ఇళ్లలో అందరికీ అర్థమయ్యేలా చెప్పవచ్చు.

చాలా ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో సౌండ్ తరంగం పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని ఇంకో ట్రాన్సిస్టర్ మోస్తాయి. ఇల్లు కట్టేచోట ఇటుకలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందిస్తుంటారు చూడండి, అలాగ. చేయి మారే ఆ క్షణంలో చిన్న తడబాటు ఉంటుంది. దీన్ని క్రాస్ఓవర్ డిస్టార్షన్ అంటారు. ఆ తడబాటు సైజు సౌండ్‌తో పాటు పెద్దగా పెరగదు. అందుకే పూర్తి వాల్యూమ్‌లో కొలిస్తే శాతం చాలా తక్కువ వస్తుంది. రాత్రిపూట మెల్లగా వీణ వింటున్నప్పుడు మాత్రం అదే తడబాటు సంగీతంలో పెద్ద వాటా అవుతుంది. కంపెనీలు కొలిచింది ఫుల్ వాల్యూమ్‌లో, జనం విన్నది ఇంటి వాల్యూమ్‌లో. మీటర్ అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన చోట ఎవరూ అడగలేదు, అంతే.

ఇంకో కారణం సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో వెంటనే తెలుస్తుంది. యాంప్లిఫయర్ కలిపే అదనపు శబ్దాలు అసలు స్వరానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఫ్రీక్వెన్సీలో వస్తాయి. లోపలికి పంపింది షడ్జమం అనుకుంటే రెండో రెట్టు పై స్థాయి షడ్జమం. మూడో రెట్టు అక్కడి పంచమం. నాలుగు మళ్లీ షడ్జమమే, అయిదు అంతర గాంధారానికి దగ్గర. ఇవన్నీ చుట్టాలే. తంబురా తీగ మీటినప్పుడు ఎవరూ పాడకుండానే గాంధారం సన్నగా వినిపిస్తుందే, అది ఈ అయిదో రెట్టే. ఏడో రెట్టు మాత్రం మన స్వరాల్లో ఎక్కడా సరిగ్గా కూర్చోదు. ఆ పైన వచ్చేవాటిలో చాలావరకు అపస్వరాలే. వాల్వులు ఎక్కువగా కలిపేది ఈ చుట్టాలని. ట్రాన్సిస్టర్ తడబాటు కలిపేది ఆ దూరపు అపస్వరాలని. ఒకటి 1 శాతం ఉన్నా చెవి ఊరుకుంటుంది, ఇంకొకటి 0.1 శాతం ఉన్నా ఊరుకోదు.

ప్రోగ్రెస్ రిపోర్ట్‌తో పోల్చితే ఇంకా సులువు. ఇద్దరు పిల్లలకి లెక్కల్లో 94 శాతమే వచ్చింది. ఒకరికి తొందరలో స్పెల్లింగ్‌లు, యూనిట్లు పోయాయి. ఇంకొకరికి మైనస్ గుర్తు అంటేనే అర్థం కాలేదు. శాతం ఒకటే. వచ్చే ఏడాది ఆల్జీబ్రాలో ఏడ్చేది మాత్రం ఒక్కరే. పేరెంట్-టీచర్ మీటింగ్‌లో "ఎక్కడ పోయాయి?" అని అడిగే తల్లిదండ్రులంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఈ సంగతి ఇంజనీర్లకి తెలియక కాదు. 1950లోనే బీబీసీలో పనిచేసే డి.ఇ.ఎల్. షార్టర్ అనే ఇంజనీర్ ఒక సవరణ సూచించారు. ఎన్నో రెట్టు అయితే ఆ సంఖ్య వర్గాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాంతో ఆ రెట్టు కొలతని గుణించాలి. రెండో రెట్టుకి 1 వస్తుంది. మూడుకి 2.25, ఏడుకి 12.25. అంటే చెవికి ఎంత బాధో అంకెలోకి తెచ్చే ప్రయత్నం. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క. పరిశ్రమ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. బ్రోచర్‌లో చిన్న అంకె చూపించుకోవడమే వాళ్లకి సుఖం.

ఇంతవరకు చదివి "అయితే మా అబ్బాయి చెవినే నమ్ముతాం" అనుకుంటే కాస్త ఆగండి. చెవికి కూడా ఒక పెద్ద బలహీనత ఉంది.

మా క్లాసులో ఒక చిన్న ప్రయోగం చేస్తాను. ఒకే ఫోన్, ఒకే స్పీకర్, ఒకే పాట. మధ్యలో ఒక దుప్పటి అడ్డం. "ఇది ఏ యాంప్లిఫయర్... ఇప్పుడు బీ యాంప్లిఫయర్" అంటాను. నిజానికి అక్కడ రెండు యాంప్లిఫయర్లు లేవు. బీ అన్నప్పుడు వాల్యూమ్ ఒక్క మెట్టు పెంచుతాను, అంతే. నోట్‌బుక్కుల్లో ఏం రాస్తారో తెలుసా? "బీలో బేస్ బాగుంది." "బీలో మాటలు క్లియర్‌గా ఉన్నాయి." ఒక అమ్మాయి అయితే "బీలో తబలా దగ్గరగా వచ్చింది" అని రాసింది. దుప్పటి తీశాక క్లాసంతా నవ్వులు. కానీ ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు, నిజంగానే అలా వినిపించింది. సౌండ్ పెరిగే కొద్దీ మన చెవికి బేస్ ఇంకా నిండుగా తెలుస్తుందని 1933లోనే అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గ్రాఫులు గీసి చూపించారు. తేడా చాలా కొద్దిగా ఉంటే, అది సౌండ్ పెరగడం అని మనకి తోచదు. క్వాలిటీ బాగుంది అనిపిస్తుంది. షోరూమ్‌లో అమ్మాలనుకున్న సెట్ వాల్యూమ్ కాస్త పైన పెడితే చాలు, ఎవరైనా అటే మొగ్గుతారు.

దీనికి తోడు కళ్లు. ధర తెలిస్తే, బ్రాండ్ కనిపిస్తే, మెటల్ బాడీ మెరుస్తుంటే చెవి వాటిని కూడా వింటుంది.

అందుకే రెండింటినీ ఒక్కచోటికి తెచ్చే పద్ధతి ఒకటి వచ్చింది. రెండు యాంప్లిఫయర్ల వాల్యూమ్‌ని మీటర్‌తో కొలిచి సమానం చేస్తారు. ఏది మోగుతోందో వినేవాళ్లకి చెప్పరు. వీలైతే మార్చే మనిషికి కూడా తెలియనివ్వరు, ముఖం చూసి కనిపెట్టేస్తారు కాబట్టి. ఇంగ్లండ్‌లో క్వాడ్ కంపెనీ 1978లో తన సొంత యాంప్లిఫయర్లు మూడింటిని ఇలాగే పరీక్షకి పెట్టించింది. ఒకటి 1953 నాటి వాల్వు మోడల్. మిగతా రెండూ 1967, 1975ల నాటి ట్రాన్సిస్టర్ మోడళ్లు. వినేవాళ్లు అనుభవం ఉన్నవాళ్లే. అయినా ఏది ఏదో గుర్తుపట్టలేకపోయారు. కొత్త మోడల్ అమ్ముకోవాల్సిన కంపెనీ ఇలాంటి పరీక్ష పెట్టించడం నాకు భలే నచ్చుతుంది.

ఇంకా ఆసక్తికరమైనది బాబ్ కార్వర్ కథ. అమెరికాలో 'స్టీరియోఫైల్' అనే పత్రిక 1962 నుంచి ఉంది. చెవితో విని తీర్పు చెప్పడమే దాని పద్ధతి. 1985లో కార్వర్ అనే ఇంజనీర్ వాళ్లకి సవాలు విసిరారు. మీకు నచ్చిన ఖరీదైన యాంప్లిఫయర్ ఏదైనా తీసుకోండి, నా చవక ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ని అచ్చం దానిలాగే పలికిస్తాను అని. వాళ్లు ఒక వాల్వు యాంప్లిఫయర్ ఇచ్చారు. ఆయన రెండింటికీ ఒకే పాట పంపి, ఒకదాని అవుట్‌పుట్‌లోంచి రెండోదాన్ని తీసేసి, మిగిలిన తేడాని చూస్తూ తన సర్క్యూట్‌ని సవరించుకుంటూ పోయారు. చివరికి మిగిలిన తేడా 70 డెసిబెల్స్ కిందకి పడింది. అంటే అసలు సిగ్నల్‌లో సుమారు మూడువేల వంతు. అప్పుడు ఆ పత్రిక వాళ్లే కూర్చుని విన్నారు. తేడా చెప్పలేకపోయారు.

దీన్ని రెండు పక్షాలూ తమ గెలుపుగానే చెప్పుకుంటాయి. నా లెక్కలో ఇందులో రెండు నిజాలున్నాయి. సవరించకముందు తేడా నిజంగానే ఉంది, కాబట్టి చెవిని కొట్టిపారేయకూడదు. ఆ తేడా మీటర్‌కి దొరికింది, సరిచేస్తే పోయింది. కాబట్టి కొలతకి అందని మాయ అందులో ఏదీ లేదు.

ఇక మళ్లీ షాపుకి వద్దాం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే పీఎంపీవో వాట్స్‌ని అసలు లెక్కలోకి తీసుకోకండి. దానికి అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు. వెనక చిన్న అక్షరాల్లో 'పవర్ కన్సంప్షన్' అని ఉంటుంది. అక్కడ 60 వాట్స్ అని ఉంటే, గోడ ప్లగ్ నుంచి తీసుకునేది 60 అయితే, స్పీకర్‌కి నిలకడగా పదివేలు ఎక్కడి నుంచి ఇస్తుంది? శక్తి నిత్యత్వ నియమం చదివిన మీ పాప ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది. నమ్మదగిన అంకె కావాలంటే 'ఆర్ఎంఎస్' వాట్స్ చూడండి. ఇలాంటి గొప్పల ప్రకటనలు భరించలేకే అమెరికా ప్రభుత్వం 1974లో యాంప్లిఫయర్ వాట్స్ ఎలా కొలిచి ప్రకటించాలో రూల్ పెట్టింది. ఇంకో మాట. వాట్స్ రెట్టింపు అయితే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు పది రెట్లు పవర్ కావాలి. 50 వాట్స్ సెట్‌కీ 60 వాట్స్ సెట్‌కీ మధ్య తేడా మీ హాల్లో తెలియనే తెలియదు. దానికోసం అదనంగా డబ్బు కట్టకండి. ఆ డబ్బు మంచి స్పీకర్ మీద పెట్టండి, నిజమైన తేడాలు ఎక్కువగా ఉండేది అక్కడే.

పిల్లల చెవుల గురించి కూడా ఒక మాట. చిన్నపిల్లలు సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలరు. వయసు పెరిగే కొద్దీ పైనున్న సన్నని శబ్దాలు మనకి వినబడటం మానేస్తాయి. "మమ్మీ, చార్జర్ కీచుమంటోంది" అని పాప అంటే, మీకు వినబడనంత మాత్రాన "ఏం లేదు, చదువుకో" అనేయకండి. నిజంగానే కీచుమంటూ ఉండవచ్చు. అలాగని వెంటనే ఒప్పేసుకోవద్దు కూడా. "కళ్లు మూసుకో, నేను ప్లగ్ పెడుతూ తీస్తూ ఉంటాను, ఎప్పుడు ఉందో చెప్పు" అనండి. ఒక పెద్దమనిషి తన మాటని పరీక్షించేంత సీరియస్‌గా తీసుకున్నారని పిల్లలకి ఎంత సంతోషమో!

ఈ నెల ఇంటి యాక్టివిటీ కూడా ఇదే. ఇంట్లో ఒకే పాటని ఫోన్ సొంత స్పీకర్‌లో కాకుండా రెండు ఇయర్‌ఫోన్లలోనో, రెండు బ్లూటూత్ స్పీకర్లలోనో వినిపించండి. స్పీకర్లయితే ఫోన్‌లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ యాప్‌తో రెండింటినీ ఒకే చోట నుంచి కొలిచి, వాల్యూమ్ సమానం చేయండి. ఇయర్‌ఫోన్లయితే వీలైనంత దగ్గరగా సర్దండి. పాప కళ్లకి చున్నీ కట్టండి. ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఏ, బొరుసు పడితే బీ. మీరు మాట్లాడవద్దు. పది సార్లు వినిపించి, ఎన్నిసార్లు సరిగ్గా చెప్పిందో రాసుకోండి. ఊరికే ఊహిస్తే సగటున అయిదు వస్తాయి. తొమ్మిదో పదో వచ్చే అవకాశం 1024లో 11 మాత్రమే. ఆ లెక్క ఎలా వచ్చిందో పదో తరగతి పిల్లలు ప్రాబబిలిటీ నోట్స్‌లో చేసి చూపించాలి. తర్వాత పాత్రలు మార్చి మీరు కళ్లకి గంతలు కట్టుకోండి. ఇద్దరి స్కోర్లూ, వాడిన పాట పేరూ రికార్డ్ నోట్‌బుక్‌లో రాయించి, నెలాఖరు శనివారం ల్యాబ్ పీరియడ్‌కి పంపండి. ఆరో తరగతి లోపు పిల్లలకి ఇయర్‌ఫోన్లు వద్దు, స్పీకర్లతోనే చేయించండి.