డిగ్రీ లేకున్నా ఇంటీరియర్ డిజైనర్ కావచ్చు.. కొలత, లెక్క వస్తే!

గదిలో సామాను సర్దడం, గోడ రంగు ఎంచడం, పాత బల్లకు కొత్త రూపు ఇవ్వడం అంటే ప్రాణం పెట్టే యువతీయువకులు మన మధ్య చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒకరు బీకాం చదువుతుంటారు, ఒకరు బీటెక్ ముగించి ఉద్యోగం వెతుకుతుంటారు, మరొకరు పిల్లలు బడికి వెళ్లాక దొరికే తీరికలో ఏదైనా చేయాలనుకుంటారు. ‘డిజైన్ కాలేజీలో చదవలేదు కదా, మనకెవరు పని ఇస్తారు?’ అన్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. ఆగనవసరం లేదు. ఈ వృత్తిలోకి డిగ్రీ లేకుండా రావచ్చు. నేర్చుకోకుండా మాత్రం రాలేరు. అభిరుచి మిమ్మల్ని గుమ్మం దాకా తెస్తుంది. లోపల నిలబెట్టేది కొలత, సరుకు మీద అవగాహన, ఖర్చు లెక్క.

చట్టం ఏమంటోంది?

పేరు పక్కన ‘ఆర్కిటెక్ట్’ అని రాసుకోవాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం గుర్తింపు పొందిన అర్హత ఉండాలి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కావాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి నిబంధన మన దేశంలో లేదు. పైగా ఆదాయపు పన్ను చట్టం వైద్యం, న్యాయవాదం, ఇంజినీరింగ్‌ల సరసన ఇంటీరియర్ డెకరేషన్‌ను కూడా వృత్తిగా పేర్కొంది. అంటే డిగ్రీ లేకుండా ఈ పని చేయడం దొడ్డిదారి కాదు.

ఈ స్వేచ్ఛకు రెండు హద్దులున్నాయి. అర్హత లేకుండా ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు. స్ట్రక్చరల్ ఇంజినీరు అనుమతి లేకుండా పిల్లర్, బీమ్, గోడ.. దేన్నీ ముట్టుకోకూడదు. మైవాన్ పద్ధతిలో కట్టిన అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు ఇటుకవి కావు, భవనం బరువు మోసే కాంక్రీటు గోడలు. అక్కడ ‘ఈ గోడ తీసేస్తే హాలు పెద్దదవుతుంది’ అనడం భవనం మొత్తానికీ ప్రమాదం.

ముందు నడిచినవాళ్లు

అమెరికాలో ఇంటీరియర్ డెకరేషన్‌కు వృత్తి గౌరవం తెచ్చినవారిలో ఎల్సీ డి వోల్ఫ్ ముందు వరసలో ఉంటారు. ఆమె అంతకుముందు రంగస్థల నటి. న్యూయార్క్‌లో 1907లో తెరుచుకున్న కాలనీ క్లబ్ లోపలి అలంకరణ ఆమె పనే. బరువైన ముదురు పరదాలు, కిక్కిరిసిన సామాను ఫ్యాషన్‌గా ఉన్న రోజుల్లో లేత రంగులు, వెలుతురు, ఖాళీ స్థలం తెచ్చి చూపారు. జపాన్‌కు చెందిన ఆర్కిటెక్ట్ తడావో ఆండో కాలేజీలో ఆర్కిటెక్చర్ చదవలేదు. యువకుడిగా బాక్సింగ్ చేశారు. చిన్నప్పుడు వాళ్ల వీధిలోని వడ్రంగి పనిశాలలో చెక్కతో పనిచేయడం చూసి నేర్చుకున్నారు, తర్వాత ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లే కార్బూజియే గీసిన నక్షాలను మళ్లీ మళ్లీ దిద్దారు. 1995లో ఆర్కిటెక్చర్ రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. కాలేజీ లేకపోయినా ఆయన చదువు ఆగలేదు.

మొదటి మెట్టు: టేపు చేతపట్టండి

అయిదు మీటర్ల టేపు, గ్రాఫ్ కాగితం, పెన్సిలు కొనుక్కోండి. మీ ఇంట్లో ప్రతి గదినీ కొలవండి. తలుపు ఎటు తెరుచుకుంటోంది, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, స్విచ్‌బోర్డు ఎక్కడుంది.. అన్నీ గుర్తించండి. కాగితం మీద ఒక గడి ఆరు అంగుళాలు అనుకుని నక్షా గీయండి. తర్వాత చుట్టాల ఇళ్లు కొలవండి.

కొన్ని కొలతలు నాలుక మీద ఉండాలి. వంటగది గట్టు లోతు 24 అంగుళాలు, ఎత్తు సుమారు 32 నుంచి 34 అంగుళాలు. గట్టుకూ పై కప్‌బోర్డుకూ మధ్య దాదాపు రెండు అడుగులు. వార్డ్‌రోబ్ లోతు రెండు అడుగులు. అంతకంటే బాగా తగ్గితే హ్యాంగర్ అడ్డంగా పట్టదు. భోజనాల బల్ల ఎత్తు 30 అంగుళాలు, కుర్చీ కూర్చునే భాగం 18 అంగుళాలు. మనిషి ఇబ్బంది లేకుండా నడవాలంటే మూడు అడుగుల దారి కావాలి. ఇవి సగటు కొలతలు మాత్రమే. వంట చేసే అత్తగారు అయిదడుగులు ఉంటే గట్టు ఎత్తు ఆమె మోచేతిని బట్టి నిర్ణయించాలి. లేకపోతే రోజూ ఆమె భుజాలు నొప్పి పెడతాయి.

రెండో మెట్టు: సరుకు తెలుసుకోండి

ప్లైవుడ్ షీటు సాధారణంగా ఎనిమిది అడుగులకు నాలుగు అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. ఐఎస్ 303 సాధారణ వాడకానికి, ఐఎస్ 710 మెరైన్ రకానికి వర్తించే ప్రమాణాలు. సింకు కింద, తడి తగిలే చోట మెరైన్ ప్లై వాడాలి. పడకగది వార్డ్‌రోబ్‌కు దానికోసం అదనంగా ఖర్చు పెట్టించనవసరం లేదు. ఈ తేడా వివరించగలిగిన రోజు నుంచి ఇంటివాళ్లు మిమ్మల్ని నమ్ముతారు.

రాయి కూడా అంతే. తాండూరు, కడప రాళ్లు సున్నపురాయి జాతివి. నేలకు చల్లగా, చవకగా, అందంగా ఉంటాయి. పులుపు పడితే మాత్రం మచ్చ తేలుతుంది. పాలరాయిదీ అదే గుణం. రోజూ చింతపండు, నిమ్మకాయ పిండే మన వంటగది గట్టుకు గ్రానైట్ మేలు. లైట్ల విషయంలో పడకగదికి 3000 కెల్విన్ వెచ్చని వెలుగు హాయిగా ఉంటుంది, కూరగాయలు తరిగే చోటికి 4000 కెల్విన్ బాగుంటుంది.

ఇవి తెలియాలంటే ప్లైవుడ్, టైల్స్, హార్డ్‌వేర్ దుకాణాలకు వెళ్లాలి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి బజారులో రోజంతా తిరిగితే కీళ్లలో, ట్యాపుల్లో ఎన్ని రకాలున్నాయో, ధర ఎందుకు మారుతుందో అర్థమవుతుంది. పని జరుగుతున్న సైటులో కార్పెంటర్ పక్కన నిలబడి ‘ఇలా ఎందుకు చేస్తున్నారు?’ అని గౌరవంగా అడగండి. హైదరాబాద్‌లో చాలామంది కార్పెంటర్లు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు కాబట్టి హిందీ వస్తే పని సులువు. పనుల వరస కూడా అక్కడే తెలుస్తుంది: కరెంటు పైపులు, ప్లంబింగ్ ముందు, తర్వాత టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఆ పైన చెక్కపని, చివర రంగులు, ఫిట్టింగులు. వరస తప్పితే వేసింది పగలగొట్టాల్సి వస్తుంది.

మూడో మెట్టు: లెక్క వేయండి

ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, రెండడుగుల లోతుతో మూడు నిలువు అరల వార్డ్‌రోబ్ అనుకుందాం. నిలువు చెక్కలు నాలుగు: 56 చదరపు అడుగులు. పైనా కిందా: 24. లోపల తొమ్మిది అడ్డ చెక్కలు: 36. తలుపులు: 42. మొత్తం 158. షీటుకు 32 చొప్పున 18 మిల్లీమీటర్ల ప్లై అయిదు షీట్లు, కోతలో పోయేది కలిపితే ఆరు. వెనక వైపుకు 6 మిల్లీమీటర్లది రెండు షీట్లు. దీనికి లామినేట్, కీళ్లు, హ్యాండిళ్లు, కూలి కలపండి. ఈ లెక్క చేతకానివాళ్లకు కాంట్రాక్టరు 18 మిల్లీమీటర్లవి ఆరుకు బదులు ఎనిమిది షీట్లు రాసినా తెలియదు.

సాఫ్ట్‌వేర్‌కు భయపడకండి. స్వీట్ హోమ్ 3డీ ఉచితం, స్కెచప్‌కు బ్రౌజర్‌లో పనిచేసే ఉచిత రూపం ఉంది, బ్లెండర్ కూడా ఉచితమే. ఒక్కదాన్ని ఎంచుకుని మీరు కొలిచిన సొంత ఇంటినే అందులో గీయండి.

మన ఇళ్లకు మన డిజైన్

విదేశీ ఫొటోలు చూసి గీసే వంటగదిలో గ్యాస్ సిలిండర్‌కు, గ్రైండర్‌కు, బియ్యం డబ్బాకు, ఆవకాయ జాడీలకు చోటుండదు. పూజగదిలో నూనె మరక, అగరుపొగ పడతాయని ఆ ఫొటోలకు తెలియదు. వాస్తు ప్రకారం వంట ఆగ్నేయంలో, పూజ ఈశాన్యంలో, పెద్దల పడకగది నైరుతిలో ఉండాలని అడిగే కుటుంబాలే మనకు ఎక్కువ. మీకు నమ్మకం ఉన్నా లేకున్నా ఆ కోరికను మన్నించి పరిష్కారం చూపడం వృత్తిధర్మం. మన చేతివృత్తులూ మీ బలమే. పోచంపల్లి ఇక్కత్ కుషన్లు, వరంగల్ దర్రీలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, చేర్యాల పటాలు ఇంటికి మన ముఖం ఇస్తాయి. సహజ రంగుల కలంకారీని మాత్రం నేరుగా ఎండ పడే కిటికీకి వేలాడదీయకండి, రంగు వెలిసిపోతుంది.

పని ఎక్కడ దొరుకుతుంది?

మొదట జీతం మీద చేరడం మంచిది. మాడ్యులర్ కిచెన్ షోరూముల్లో సేల్స్ డిజైనర్, ఇంటీరియర్ కాంట్రాక్టర్ల దగ్గర సైట్ సూపర్‌వైజర్, ఎస్టిమేషన్ సహాయకుడు, 3డీ చిత్రాలు చేసేవారు.. ఇలాంటి పనులకు చాలాచోట్ల డిగ్రీ కంటే చేసి చూపిన పనికే విలువ. అందుకు పోర్ట్‌ఫోలియో కావాలి. మీ సొంత గది, చుట్టాల వంటగది, స్నేహితుడి దుకాణం చాలు. ప్రతి పనికీ ముందు ఫొటో, నక్షా, అయిన ఖర్చు, పట్టిన సమయం, తర్వాత ఫొటో ఉంచండి. అందమైన ఫొటో ఒక్కటే పెడితే ఎవరి పనో తెలియదు.

సొంతంగా చేసేటప్పుడు ఫీజు చదరపు అడుగుకు ఇంత అని గానీ, మొత్తం ఖర్చులో శాతంగా గానీ, సరుకుతో సహా మొత్తం పనికి గానీ మాట్లాడుకోవచ్చు. ఏదైనా కాగితం మీద పెట్టండి: ఏ బ్రాండు, ఎంత మందం, ఎన్ని రోజులు, ఏ దశలో ఎంత డబ్బు. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీఎస్టీ నమోదు తప్పదు. దుకాణాల నుంచి ఇంటివాళ్లకు తెలియకుండా కమిషన్ తీసుకునే అలవాటు మాత్రం చేసుకోవద్దు. జీవితకాలం కూడబెట్టిన డబ్బుతో ఇల్లు చేయించుకునేవాళ్లను మోసగించి కట్టుకునే కెరీర్ నిలవదు.

తర్వాతైనా చదువుకోవచ్చు

ఆసుపత్రులు, పెద్ద ఆఫీసులు, హోటళ్లకు అగ్నిమాపక నియమాలు, ఏసీ డక్టులు, భవన నిబంధనలు తెలియాలి. ఆ స్థాయికి వెళ్లాలనుకునేవారికి శాస్త్రీయ శిక్షణ నిజంగా ఉపయోగపడుతుంది. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, అహ్మదాబాద్‌లోని ఎన్‌ఐడీ లాంటి సంస్థలు ఆ దారి చూపుతాయి. ఐటీఐల్లోనూ ఇంటీరియర్ డిజైన్‌కు సంబంధించిన ట్రేడు ఉంది. ఫర్నిచర్ అండ్ ఫిట్టింగ్స్ స్కిల్ కౌన్సిల్ ద్వారా, పనిలో నేర్చుకున్న నైపుణ్యానికి ధ్రువపత్రం పొందే అవకాశం ఉందేమో కనుక్కోండి.

ఇష్టం ఉందని చెప్పుకునేవాళ్లు వేలమంది ఉన్నారు. గది కొలిచి, నక్షా గీసి, షీట్ల లెక్క చెప్పి, చెప్పిన ఖర్చులో పని ముగించేవాళ్లకే ఇంటి తాళాలు అప్పగిస్తారు. ఈ ఆదివారమే టేపు కొని, మీ వంటగది కొలవడంతో మొదలుపెట్టండి.