ధారావాహికలలో ఇతివృత్తము – పాత్రల పరస్పర వ్యవహారము

పుదుచ్చేరి పట్టణమందలి తట్టాంచావడిలో ఇంటి భాష ప్రధానముగా తమిళము. అదే ప్రభుత్వము క్రిందనున్న యానాములో తెలుగు. 2019 మొదలు మూడేండ్లకు పైగా ఈ రెండు తావుల ప్రేక్షకులకును ఒకే కథ రెండు భాషలలో లభించినది. స్టార్ మాలో 2017లో మొదలైన 'కార్తీక దీపం' తెలుగు రూపము. స్టార్ విజయ్‌లో 2019లో మొదలైన 'భారతి కణ్ణమ్మ' తమిళ రూపము. రెంటికిని మూలము మలయాళ ధారావాహిక 'కరుత్తముత్తు'.

ఇతివృత్తము స్వల్పము. వైద్యుడొకడు నల్లని మేనిచాయ గల యువతిని ప్రేమించి పెండ్లాడును. వేరొక స్త్రీ పన్నిన మోసమువలన తనకు సంతానయోగ్యత లేదని నమ్మి, గర్భవతియైన భార్యను శంకించును. కవలలలో ఒకతె తల్లి చెంతను, ఒకతె తండ్రి చెంతను పెరుగుదురు. ఒక్క వైద్యపరీక్షతో తేలవలసిన నిజమునకు ఏండ్లు పట్టినది. ప్రేక్షకులు గొణుగుచునే చూచిరి. వారు చూచినది ఇతివృత్తమును కాదనుట స్పష్టము.

అరిస్టాటిలు విషాదాంత నాటకమునకు ఇతివృత్తమే ఆత్మ యనెను. భరతుడు దానిని నాట్యమునకు శరీర మనెను. ఇరువురి యెదుటను ఉన్నది ముగింపు గల నాటకము. ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ సంధులను దాటి నిర్వహణమును చేరుట దాని ధర్మము. ధారావాహిక యట్టిది కాదు. 1930 ప్రాంతమున అమెరికా రేడియోలో సబ్బుల వ్యాపారుల పోషణలో పెరిగిన నాటినుండియు నిర్వహణమును వాయిదా వేయుటయే దాని బ్రతుకు. అందు సంఘటన ఒకనాడు జరిగి గతించును. ఆలంబనమైన ఇరువురు ఎదురుపడినప్పుడెల్ల అనుభావములు మరల పుట్టును.

తెలుగు రూపములో దీప భర్తను 'డాక్టర్ బాబు' అని పిలుచును. మగని పేరెత్తని మర్యాద కొంత, పేదరాలు వైద్యుని పిలుచు దూరము కొంత, తొలినాళ్ళ చనవు కొంత ఆ పిలుపులో కలిసియున్నవి. తెలుగున 'బాబు' దొరకును చెల్లును, పసివానికిని చెల్లును. తండ్రి యింట పెరిగిన హిమ, తల్లి యని యెరుగక దీపను 'వంటలక్క' అనును, తల్లి పలుకును. సంఘటన యేదియు లేదు, కథ యంతయు అందే యున్నది. కథ తమిళమునకు సులభముగా పోయినది, ఈ పిలుపులు పోజాలవు. తులనాత్మక పరిశీలకులు ఇతివృత్తములను పట్టిక వేసి తృప్తిపడుట పరిపాటి. తట్టాంచావడిలో రెండు రూపములును చూడగల తెలుగు గృహిణి వారికన్న మెరుగైన సాక్షి కాగలదు.

తమిళ రూపమున గర్భవతియైన కణ్ణమ్మ సంచి తగిలించుకొని నడిచిపోవు ఘట్టము కథకు పెద్ద మలుపే. కాని ఆ నడకలో ఎదుట భర్త లేడు, అత్త లేదు. తమిళనాట అది పరిహాసవస్తు వైనది.

2022లో తెలుగు రూపకర్తలు దీపాకార్తీకులు ప్రమాదమున మరణించినట్లు చూపి, కవలలను పెద్దవారిని చేసి, కథను ముందునకు దూకించిరి. అంతకు మించిన సంఘటనను కూర్చుట కష్టము. ఆదరణ తగ్గినది. ఆ యేడే ఆ యిరువురను మరల తెచ్చిరి. 2023 జనవరిలో ధారావాహిక ముగిసినది. 2024లో రెండవ 'కార్తీక దీపం' మొదలైనది: నాయికానాయకుల పేర్లవే, నటీనటులు వారే, కథ మాత్రము వేరు. ఇందు కార్తీకు వైద్యుడు కాడు. దీప అతనిని 'కార్తీక్ బాబు' అని పిలుచును.