సముద్రం లేని ఊళ్లో ఉప్పునీటి తొట్టి: సంప్ లెక్క

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి కాబట్టి తెలుగు మాటకు కొరత లేదు. కొరతంతా సముద్రానిదే. విశాఖ నుంచి బదిలీ మీద వచ్చినప్పుడు మా అమ్మాయి అడిగింది ఒక్కటే: ఉప్పునీటి అక్వేరియం, అందులో రెండు క్లౌన్ చేపలు.

సంప్ అనగానే మనకు ఇంటి ముందు భూమిలో కట్టే నీళ్ల తొట్టి గుర్తొస్తుంది. అక్వేరియం సంప్ అంటే పెద్ద తొట్టి కింద, స్టాండులో పెట్టే చిన్న గాజు తొట్టి. పై తొట్టిలో పొంగిన నీరు పైపు గుండా దిగుతుంది, సంప్‌లో శుభ్రపడుతుంది, పంపుతో మళ్లీ పైకెళుతుంది.

మా తొట్టి 90 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. సంప్ 60, 30, 35. దానిలో అడ్డుగాజులతో మూడు గదులు. మొదటి గదిలో వడపోత సంచి, ప్రొటీన్ స్కిమ్మర్. రెండో గదిలో మంచి బాక్టీరియా పెరిగే సిరామిక్ రింగులు. మూడో గదిలో పంపు. అడ్డుగాజులు 20 సెం.మీ. ఎత్తు కాబట్టి మొదటి రెండు గదుల్లో నీటి మట్టం మారదు. మూడో గదిలో 18 సెం.మీ. నీరు. మొత్తం మీద సంప్‌లో సుమారు 28 లీటర్ల ఖాళీ ఉంది. చాలనుకున్నాను.

మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగింది. నీటిని పైకి పంపే పైపే సైఫన్‌గా మారి కిందికి లాగడం మొదలుపెట్టింది. పైపు మూతి నీటిలో 10 సెం.మీ. లోతున ఉంది. మూతికి గాలి తగిలేదాకా ధార ఆగలేదు. లెక్క చూడండి: 90 × 45 × 10 అంటే 40 లీటర్లు, పైపుల్లోది మరో రెండు. ఖాళీ 28. మిగిలిన 14 లీటర్లు హాల్లోకి వచ్చాయి.

అంతకన్నా పెద్ద తప్పు తర్వాత చేశాను. కంగారులో బిందెడు కుళాయి నీళ్లు పోశాను. ఉప్పు శాతం తగ్గింది, క్లోరిన్ కూడా తోడైంది. తెల్లారేసరికి ఒక చేప లేదు. “నాన్నా, లెక్క ఎక్కడ తప్పింది?” అని అడిగింది అమ్మాయి. ఇద్దరం కాగితం తీసుకుని కూర్చున్నాం.

అప్పు ఇచ్చేటప్పుడు వసూళ్లు ఆగిపోయే నెలను కూడా లెక్కలోకి తీసుకుంటాం. సంప్‌కూ అదే సూత్రం: పంపు ఆగిన క్షణానికి సరిపోవాలి. పైపు మూతిని 2 సెం.మీ. లోతుకు తెచ్చాం. ఇప్పుడు దిగేది 8 లీటర్లు, పైపులతో కలిపి 10. సైఫన్ తెగడానికి పైపుకు చిన్న రంధ్రం పెడతారు గానీ, నాచు పట్టి మూసుకుపోవచ్చు. దాని మీదే ఆధారపడకూడదు.

రెండో పరీక్ష దీనికి ఎదురు. దిగే పైపు మూసుకుపోతే పంపు మూడో గదిని ఖాళీ చేస్తుంది: 20 × 30 × 18, సుమారు 11 లీటర్లు. పై తొట్టిలో అది 2.7 సెం.మీ. పెరుగుతుంది. అందుకే పైన కనీసం 4 సెం.మీ. ఖాళీ ఉంచాలి.

ఇక నీళ్ల విషయం. ఆవిరైపోయేది నీరే, ఉప్పు మిగులుతుంది. ఆ లోటు ఉప్పులేని ఆర్‌ఓ నీటితో పూడ్చాలి. ఒలికిపోయినప్పుడు ఉప్పూ పోతుంది. అప్పుడు లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున మెరైన్ సాల్ట్ కలిపిన నీరే పోయాలి. ఆవిరి లోటు మూడో గదిలోనే కనిపిస్తుంది. బిలాస్‌పూర్ ఎండల్లో రోజూ చూడాల్సిందే.

చేపలు తెచ్చే ముందు మంచినీళ్లతో నింపి, నాలుగైదుసార్లు ప్లగ్ తీసి చూడండి. సంప్ పొంగని మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. వైర్లు ప్లగ్ కన్నా కిందికి వేలాడేలా ఉంచితే నీరు ప్లగ్‌లోకి పోదు. కరెంటు లేనప్పటికి బ్యాటరీ గాలి పంపు ఒకటి కొనండి. చేపలను హేచరీలో పెంచినవే అడగండి. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, వాటి జోలికి వెళ్లవద్దు.

మా సంప్ మీద నల్ల గీత గీసింది అమ్మాయే. మొన్న కరెంటు పోయినప్పుడు టార్చి వేసి చూసింది. నీరు గీతకు నాలుగు వేళ్ల కింద ఆగింది. ఇప్పుడిక రెండో చేపను తీసుకురావచ్చంది.