ఏలీయాకు దొరికిన పని

పాఠ్యభాగము: 1 రాజులు 19:1–18



కర్మెలు పర్వతముమీద జనసమూహము నెదుట నిలిచిన ఏలీయా, కొద్ది దినములకే తన దాసుని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరెను. అక్కడ దేవుడు అతనిని గద్దింపలేదు. మొదట నిద్ర, పిమ్మట రొట్టెయు నీళ్లును, మరల నిద్ర, మరల ఆహారము. పని అప్పగించినది ఆ తరువాతనే. ఏలీయాకు ఫలాని వ్యాధి యుండెనని మనము చెప్పరాదు. కాని ఈ వరుస మనకు పాఠము.

మన గ్రామములలో మనోభావ వ్యాధి గలవారున్నారు. కొన్ని వారములు పడక విడువనియ్యని దిగులు. కొందరికి మరికొన్నాళ్లు నిద్ర అక్కరలేని అతి ఉత్సాహము. ఇది సోమరితనము కాదు, అవిశ్వాసము కాదు. వైద్యము గల రోగము. కొంత కుదుటపడినవాడు వచ్చి, "అయ్యా, పదిమందిలో పనిచేయలేను, ఎక్కువ మాటలు లేని పని చూపించండి" అని అడిగిన, పెద్దలు ఏమి చెప్పవలెను?

1. రాత్రి కావలి. మామిడితోటకో, నాపరాళ్ల ఫ్యాక్టరీకో కావలి పెట్టుదమని మనకు వెంటనే తోచును. అక్కడ మనుష్యులు లేరు, నిజమే. కాని నిద్ర చెడిన అతి ఉత్సాహము తిరిగి రేగవచ్చును. పగటి కావలి మేలు.

2. గొఱ్ఱెల వెంట పోవుట. ఇదియు నెమ్మదిగల పనియే. అయితే మన సీమ యెండ సంగతి తెలిసినదే. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఈ వ్యాధికి లిథియము పనిచేయునని ప్రకటించెను. నేటికిని దానిని వాడుచున్నారు. చెమటతో ఒంటి నీరు, ఉప్పు తగ్గిన ఆ మందు రక్తములో మితిమీరి విషమగును. చేతులు మిక్కిలి వణకుట, వాంతులు, విరేచనములు, తూలుట కనబడిన వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఉదయము, సాయంకాలము మాత్రమే మేపవలెను; నీళ్లు వెంట నుండవలెను. వైద్యుని అడుగక మందు మానరాదు.

3. తగిన పనులు. కుట్టుమిషను, మగ్గము, ఎనుము పాడి, ఆకుకూరల మడి, విత్తనపు బుడ్డలు ఒలుచుట. పాడి తప్ప, వీటిలో గంటల లెక్క లేదు. బాగులేని దినమున సగమే చేయవచ్చును. రెండు గంటలతో మొదలుపెట్టి మెల్లగా పెంచవలెను. అమ్మకమును ఇంటివారొకరు చూచుకొనవలెను. అతి ఉత్సాహపు దినములలో అప్పుచేసి బోరు వేయుట, కౌలుకు భూమి పట్టుట వద్దు.

ఇంగ్లండు కవి విలియం కూపర్‌కు 1763లో ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగము వచ్చుచుండెను. దానికై అందరి యెదుట పరీక్షకు నిలువవలెనను భయముతో అతని మనస్సు చెదరెను. వైద్యము పొందిన పిమ్మట అతడు తోటపని, వడ్రంగము చేయుచు, కుందేళ్లను పెంచుచు, పద్యములు వ్రాయుచు బ్రదికెను. వ్యాధి పలుమార్లు తిరిగివచ్చెను. అయినను అతడు ఒంటరివాడు కాలేదు, అన్విన్ కుటుంబము అతనిని తమ యింట నుంచుకొనెను.

4. మాటలు తక్కువ, మనిషి తప్పనిసరి. దేవుడు ఏలీయాకు పనితోకూడ ఎలీషాను ఇచ్చెను. దినమునకొక్కరైనను అట్టివాని యింటికి పోయి పలుకరించవలెను. పురుగుమందు ఆ యింట ఉంచరాదు. చావుమాట పలికిన ఒంటరిగా విడువరాదు. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్యులున్నారు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరున రాత్రింబగళ్లు తెలుగులో ఉచితముగా మాటలాడవచ్చును.

ఆలోచించుటకు: మన సంఘములో బదరీవృక్షము క్రింద కూర్చున్నవారెవరు? ఈ వారము వారికి రొట్టె తీసికొని పోవునదెవరు?