అణువులతో అల్లిన కండరం

మీ కుడిచేతిని మోచేతి దగ్గర మడిచి, ఎడమచేత్తో జబ్బను తడిమి చూడండి. అక్కడి కండరం పొట్టిదై, ఉబ్బి, గట్టిగా తగులుతుంది. చెయ్యి చాపగానే మళ్ళీ సాగుతుంది.

కండరం రబ్బరు ముక్కలా సాగి ముడుచుకుంటుందని మీరు అనుకోవచ్చు. అది నిజం కాదు. కండరంలో ఆక్టిన్, మయోసిన్ అనే రెండు రకాల సన్నని పోగులు వరుసలు తీరి ఉంటాయి. కండరం ముడుచుకున్నప్పుడు ఏ పోగూ పొట్టిది కాదు. ఒక రకం పోగులు రెండో రకం పోగుల మధ్యకు జారుతాయి, అంతే! ఈ సంగతిని 1954లో రెండు శాస్త్రజ్ఞుల బృందాలు విడివిడిగా ప్రకటించాయి.

మరి ఒకదానిలోంచి ఒకటి జారే అణువులను మనమే తయారు చేస్తే, అవి కండరంలా పనిచేయవా?

ఉంగరంలోకి దారం ఎలా?

గొలుసులోని లంకెలను చూడండి. అవి ఒకదానికొకటి అతుక్కొని ఉండవు. అయినా విడిపోవు. అలాగే లంకె పడిన వలయాల అణువులను 'కేటనేన్లు' అంటారు. ఇరుసుకు చక్రం తొడిగినట్లు, కడ్డీలాంటి అణువుకు వలయం తొడిగితే అది 'రొటాక్సేన్'. వలయం ఊడిపోకుండా కడ్డీ రెండు కొసలా లావైన అడ్డులుంటాయి.

అయితే మిల్లీమీటరులో పది లక్షల వంతును నానోమీటరు అంటారు. ఈ వలయాలను ఆ కొలతతోనే కొలవాలి. అంత చిన్నదాన్ని ఏ పట్టకారుతో పట్టుకుంటాం? మొదట్లో రసాయన శాస్త్రజ్ఞులు ఆ పనిని అదృష్టానికే వదిలేశారు. ఫలితంగా లంకె పడినవి చాలా కొద్ది అణువులే.

1983లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జాన్ పియెర్ సొవాజ్ బృందం ఒక ఉపాయం పన్నింది. రాగి అయాన్ ఒక వలయాన్నీ, ఇంకొక అర్ధచంద్రాకారపు అణువునూ తన చుట్టూ పట్టి ఉంచింది. అర్ధచంద్రం కొసలను ఇంకో ముక్కతో కలిపేసరికి లంకె పడింది! తరువాత రాగిని తీసేశారు.

మీరూ చేసి చూడండి

జానెడు ఇనుప తీగలు రెండు తీసుకోండి. ఒక్కొక్క తీగకు ఒక కొసన చిన్న ఉంగరం చుట్టి, దాన్ని తీగకు అడ్డంగా తిప్పండి. ఉంగరాలు చెరోవైపు ఉండేలా తీగలను పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క తీగ తోకను రెండో తీగ ఉంగరంలో దూర్చండి. తోకలు జారిపోకుండా కొసలు వంచండి. తోకలను చెరోవైపు లాగితే జంట పొడవవుతుంది. లోపలికి నెడితే పొట్టిదవుతుంది. తీగలు మాత్రం జానెడుగానే ఉన్నాయి!

2000 సంవత్సరంలో సొవాజ్ బృందం ఇలాంటి జంట అణువునే తయారు చేసింది. దాన్ని నెట్టేదెవరు? లోహపు అయాన్లే! ఈ రాగి అయాన్ నాలుగు పట్లు కోరుతుంది. వలయం రెండు పట్లు ఇస్తుంది. కనుక తోకలో రెండు పట్లు దొరికే చోట అది నిలుస్తుంది. అప్పుడు జంట పొడవుగా ఉంటుంది. రాగిని తీసి జింకును చేర్చారు. జింకుకు ఐదు పట్లు ఇష్టం. అందుకని వలయం తోకలో మూడు పట్లున్న చోటికి జారింది. ఎనిమిది నానోమీటర్లకు పైగా ఉన్న జంట సుమారు ఆరున్నరకు కుదించుకుపోయింది.

అందరూ ఒకే వైపు లాగాలి

ఇంత చిన్న కదలిక ఏ పనికొస్తుందని అడుగుతారేమో! తేరును ఒక్కడు లాగితే కదలదు. వందమంది తలోవైపు లాగినా కదలదు. అందరూ ఒకే తాడు పట్టి ఒకే వైపు లాగాలి. సీసాలోని ద్రావణంలో అణువులు తలోవైపు తిరిగి ఉంటాయి. అందువల్ల వాటి బలం వృథా అవుతుంది.

అందుకే 2005లో అమెరికాలో ఫ్రేజర్ స్టోడార్ట్ బృందం బంగారు పూత పూసిన సన్నని పట్టీ మీద ఇలాంటి అణువులను కోట్లాదిగా అతికించింది. రసాయనం పోయగానే అవన్నీ ముడుచుకొని పట్టీనే వంచాయి! 2012లో స్ట్రాస్‌బర్గ్‌లోనే ఇంకొక బృందం జంటలను వేలాదిగా వరుసగా కలిపి పొడవైన గొలుసు చేసింది. నానోమీటర్లలో ఉన్న కదలిక అలా కూడి మైక్రోమీటర్లకు, అంటే వెయ్యి రెట్ల కొలతకు, పెరిగింది.

సొవాజ్, స్టోడార్ట్, నెదర్లాండ్స్‌కు చెందిన బెన్ ఫెరింగా 2016లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అయితే ఈ కండరాలు మన కండరాలకు సాటి రావడానికి ఇంకా చాలా దూరముంది. కదిలించిన ప్రతిసారీ రసాయనం పోస్తూ ఉండాలంటే ఎలా? వెలుతురుతోనో విద్యుత్తుతోనో నడపాలని శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు.

ఇప్పుడు స్కేలు తీసుకొని మీ తీగల జంటను పూర్తిగా లాగి ఒకసారి, పూర్తిగా నెట్టి ఒకసారి కొలవండి. ఎన్నో వంతు తగ్గింది? అణుకండరం కన్నా ఎక్కువా, తక్కువా?