పండగ రాత్రి పార్శిల్ కౌంటర్ మూయమంటే?

ప్రశ్న: తిరుపతి ఆర్టీసీ బస్టాండు దగ్గర మాకు టిఫిన్ పార్శిల్ కౌంటర్ ఉంది. యాత్రికులు రాత్రంతా దిగుతూనే ఉంటారు. డిసెంబరు 31న మాత్రం పోలీసులు ముందే కట్టేయమంటున్నారు. వాళ్లకు ఆ అధికారం ఉందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉంది గానీ దానికి హద్దులున్నాయి. దుకాణాల వేళలను 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ ఒక్క రాత్రికి ప్రత్యేక ఆంక్షలు పెట్టాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద కలెక్టరో, ఆర్డీవోనో ఉత్తర్వు ఇవ్వొచ్చు. అలాంటిదేమైనా ఉందా అని స్టేషన్‌లో అడిగి, ప్రతి తీసుకోండి. ఉంటే మాత్రం ధిక్కరించొద్దు, కేసవుతుంది.

పోలీసుల బెంగ మీ దోసెల గురించి కాదు. బార్లు మూశాక జనమంతా లైట్లు వెలిగే చోటికే చేరతారు, బండ్లు రోడ్డుకు అడ్డంగా నిలుపుతారు, మత్తులో తగువులాడతారు. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయిన ఊరిది. గుంపును ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు.

అందుకే వారం ముందే సీఐని కలిసి రాతపూర్వకంగా అడగండి. బయట బల్లలు తీసేస్తామని, వరస చూడ్డానికి మనిషిని పెడతామని, సీసీ కెమెరా పనిచేస్తోందని అందులో రాయండి. ఒప్పుకోకపోతే ఆ రాత్రికి మూసి, తెల్లవారుజామునే తెరవండి.